మహబూబ్‌నగర్ బజారులోని చాయ్ హోటలు, దాని గప్పాల బల్ల

మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర దిగి బజారులోకి నడిస్తే, కొద్ది దూరంలో ఒక సందు మొదట్లో బోర్డు లేని చాయ్ హోటలు కనిపిస్తుంది. అక్కడి చాయ్ బాగుంటుంది, ఉగ్గాణి ఇంకా బాగుంటుంది, అయితే ఈ సమీక్ష రాయడానికి కారణం ఆ రెండూ కావు. లోపల గోడవారగా ఒక పొడవాటి టేకు బల్ల ఉంది. సాయంత్రం ఐదు దాటిన తరువాత దాని చుట్టూ చేరే పెద్దవాళ్లు తమ చిన్ననాటి సంగతులను, చేసిన ఉద్యోగాలను, తిరిగిన ఊళ్లను గోరంతను కొండంత చేసి ఒకరికొకరు చెప్పుకుంటారు. వీధిలో అందరూ దాన్ని గప్పాల బల్ల అనే పిలుస్తారు. చాయ్ తాగడానికి వెళ్లిన ఎవరైనా ఆ బల్ల చివర కూర్చొని వినవచ్చు, చెప్పగలిగినది ఉంటే చెప్పవచ్చు. ఒక చాయ్ డబ్బుకు ఇంత మంచి సాయంత్రాన్ని ఇచ్చే చోటు పాలమూరులో, అంటే ఈ మహబూబ్‌నగర్ జిల్లాలో, నాకు మరొకటి తెలియదు.

ముందుగా తిండి సంగతి చెప్పాలి. చాయ్ ఇరానీ పద్ధతిలో చేస్తారు. డికాక్షన్‌ను మూతపెట్టిన పాత్రలో చాలాసేపు మరగనిచ్చి, విడిగా చిక్కబరిచిన పాలలో కలిపి ఇస్తారు. చక్కెర ఎక్కువగానే ఉంటుంది కాబట్టి తక్కువ కావాలనుకునేవారు ముందే చెప్పాలి. ఉస్మానియా బిస్కెట్లు, ఉల్లిగడ్డ పెట్టిన చిన్న సమోసాలు ఎప్పుడూ ఉంటాయి. కానీ తినవలసింది ఉగ్గాణి. గద్వాల, నారాయణపేట వైపు ప్రతి ఊరిలో దొరికే ఈ పలహారం మహబూబ్‌నగర్ పట్టణంలో ఇంత శ్రద్ధగా చేసేవారు తక్కువ. బొరుగులను నీళ్లలో వేసి వెంటనే తీసి గట్టిగా పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కరివేపాకు, పసుపుతో పెట్టిన తాలింపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లి ఒక్కసారి కలిపి దించేస్తారు. బొరుగు మెత్తబడి కూడా ముద్ద కాకుండా విడివిడిగా ఉండాలి, ఇక్కడ అలాగే ఉంటుంది. పక్కన పెట్టే మిర్చి బజ్జీ కారం గట్టిది. తినే అలవాటు లేనివారు గింజలు తీయించుకోవడం మంచిది.

ఇక బల్ల సంగతి. దానికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. హోటలు యజమాని వాటిని రాసి అతికించలేదు, కానీ కొత్తగా వచ్చినవారికి బల్ల మీది పెద్దవాళ్లే చెప్పేస్తారు. చెప్పేది తన జీవితంలోనిదే అయి ఉండాలి, విన్నదీ చదివినదీ కాకూడదు. ఇంకొకరి ఇంటి గుట్టు, కులం, పార్టీ బల్ల మీదికి రాకూడదు. ఎవరైనా మధ్యలో "నిజంగానా?" అని అడిగితే ఆ వరుస చాయ్ డబ్బులు వారే కట్టాలి. అయితే ప్రశ్నలు వేయకూడదని దీని అర్థం కాదు. కథలో ఎక్కడ పట్టు సడలిందో చూసి అక్కడే అడగవచ్చు. చెప్పేవారు ఆ ప్రశ్నకు వెనక్కి తగ్గకుండా, కథను ఇంకా పెద్దది చేసి జవాబు చెప్పాలి. ఈ ఒక్క ఏర్పాటు వల్లనే బల్ల మీద వినిపించేది ఒట్టి డబ్బా కాకుండా విద్యగా నిలబడింది.

ఉదాహరణకు, కూలీల గుంపును పనులకు తీసుకుపోయే గుంపు మేస్త్రీగా పనిచేసి ఇప్పుడు ఇంటి పట్టున ఉంటున్న ఒక పెద్దాయన చెప్పే జొన్న సంకటి కథను తీసుకుందాం. ఆయన చిన్నప్పుడు తల్లిదండ్రులతో కలిసి నాగార్జునసాగర్ కట్టడానికి వెళ్లారు. తల్లి తట్ట మోసేది, తండ్రి రాళ్లు పేర్చే మేస్త్రీలకు చేతికింద ఉండేవాడు. ఇంతవరకు కథ మామూలుగానే, దాదాపు విసుగు పుట్టించేంత నెమ్మదిగా నడుస్తుంది. రాయి ఏ కొండ నుంచి వచ్చేది, కూలి ఏ రోజు పంచేవారు, గుడిసె మీద ఏ ఆకు కప్పుకునేవారు అన్నీ ఆయన వరుసగా చెబుతారు. ఆ తరువాత గొంతు ఏ మాత్రం మార్చకుండా, తాము వండుకున్న గంజు, అంటే వంటపాత్ర, గురించి ఇలా అంటారు.

"మా గుంపుల నూరు మందిమి. అందరికీ ఒక్కటే గంజు, జొన్న సంకటి. అది ఉడుకుతుంటే లేసిన ఆవిరి పోయి నందికొండ మీద మబ్బయి కూసున్నది. ఇగ సూడు, మూడొద్దులు ఒకటే వాన. పని బందయింది. పెద్దింజినీరు జీపుల ఒచ్చి, 'పాలమూరోళ్లు ఇగ మీద సంకటి మూత పెట్టి వండుకోవాలె' అని కాయితం మీద రాసిచ్చిపోయిండు."

నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయిన ఒకాయన రోజూ ఆ బల్లకు ఎదురుగా కూర్చుంటారు. ఆయన చాయ్ సాసరులో పోసుకుంటూ తల ఎత్తకుండానే అడిగారు. "అంత పెద్ద గంజుకు మూత యాడిది కాకా?"

"డ్యాముకు ఇరవయ్యేడు గేట్లు జేయించిండ్రు. ఇప్పుడు పోయి లెక్కవెట్టు, ఇరవయ్యారే ఉంటయి."

"గేట్లు బిగించింది కట్టడం అయిపోయినంక గదా?"

"అందుకే గద బిడ్డా, సంకటి అన్నేండ్లు ఉడికింది."

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు చాలాసేపటి వరకు తేరుకోలేదు. నేను ఇంటికి వచ్చిన తరువాత కూడా ఆ కథలోని కట్టుదిట్టాన్ని గురించే ఆలోచించాను. నాగార్జునసాగర్‌కు నిజంగానే 26 గేట్లు ఉన్నాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టు కాలువల్లోకి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్లు వదిలారు, అంటే సంకటి ఉడకడానికి ఆ పెద్దాయన చెప్పిన కాలం చరిత్రలో ఉన్నదే. ప్రపంచంలోని పెద్ద రాతి ఆనకట్టల్లో ఒకటైన ఆ కట్టడానికి రాళ్లు, సున్నం, ఇసుక మోసిన చేతుల్లో పాలమూరు చేతులు లెక్కలేనన్ని. అప్పుగా ముందే డబ్బు ఇచ్చి, కరువు ఊళ్ల నుంచి కుటుంబాలకు కుటుంబాలను లారీల్లో ఎక్కించి, దేశంలో ఎక్కడ ప్రాజెక్టు కడితే అక్కడికి తీసుకుపోయిన గుంపు మేస్త్రీల పద్ధతి ఈ జిల్లా వాళ్లకు పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన విషయం కాదు. ఆ పెద్దాయన ఆకలి గురించి ఒక్క మాటైనా అనలేదు. నూరుమందికి ఒక్కటే గంజు అని మాత్రం అన్నారు. కడుపు నిండని రోజుల గురించి చెబుతూ, ఆ గంజును ఆకాశమంత చేసి, అందులోని సంకటితో వాన కురిపించి, ప్రభుత్వం చేత తమకొక ఆర్డరు రాయించుకోవడం నాకు చాలా గొప్పగా అనిపించింది.

తెలంగాణ పల్లెల్లో పెరిగినవారికి పిట్టలదొర తెలిసే ఉంటాడు. ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, భుజాన చెక్క తుపాకి పెట్టుకొని ఇంటింటికీ వచ్చి లేని జమీనులను, లేని పెళ్లాలను, లేని ఫౌజులను ఏకరువు పెట్టే ఆ కళాకారుణ్ణి కొన్ని ఊళ్లలో తుపాకిరాముడనీ, కొన్నిచోట్ల లత్కోరు సాబనీ అంటారు. ఆయన కోతల్లో ఆనందమంతా అసలే లేనిదాన్ని ఉన్నట్టు చెప్పడంలో ఉంటుంది. గప్పాల బల్ల మీది దారి వేరు. ఇక్కడ మొదట ఉన్నది ఉన్నట్టుగా పడాలి. ఊరి పేరు, తిథి, కూలి రేటు, బస్సు నంబరు సరిగ్గా పడిన తరువాతే కోత మొదలవుతుంది. అందువల్ల నవ్వు కాస్త ఆలస్యంగా వస్తుంది, కానీ వచ్చిన తరువాత తొందరగా పోదు.

అలంపురం దగ్గరి ఒక ఊరి నుంచి వచ్చి ఇక్కడ కొడుకు దగ్గర ఉంటున్న ఒక రైతు చెప్పిన బర్రె కథ నాకు అన్నిటికంటే ఎక్కువగా గుర్తుండిపోయింది. 2009 అక్టోబరు మొదటివారంలో తుంగభద్ర, కృష్ణ ఒకేసారి పొంగిన సంగతి ఆ ప్రాంతం వాళ్లు మరిచిపోరు. శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిన రోజులవి. ఇటు అలంపురం, అటు కర్నూలు నీళ్లలో ఉన్నాయి. ఆ రాత్రి ఆయన బర్రె కొట్టుకుపోయింది. ఆయన కథలో అది నాలుగో రోజున వరదకు ఎదురీదుకుంటూ తిరిగి వచ్చింది. "ఊర్కె ఒచ్చిందా? శ్రీశైలం దాక పోయి, మల్లన్న దర్శనం జేసుకొని, నొసటికి ఇబూది పెట్టుకొని ఒచ్చింది" అని ఆయన చేతిని నుదుటి మీద మూడు వేళ్లతో అడ్డంగా రాసి చూపించారు. "మరి ప్రసాదం తేలేదా చిన్నాయనా?" అని ఎవరో అడిగితే, "తెచ్చింది, తొవ్వల ఆకలై తిన్నది" అన్నారు.

ఆ వరదలో ఆయన ఇల్లు కూలింది, గడ్డివాము పోయింది, బర్రె తిరిగి రాలేదు. ఈ సంగతి ఆయన చెప్పలేదు. తరువాత బయట నిలబడ్డప్పుడు పక్కనున్న వ్యక్తి నాకు చెప్పారు. బల్ల మీద ఉన్నవాళ్లందరికీ అది తెలుసు, తెలిసే ప్రసాదం సంగతి అడిగారు. మంచి గప్పం చెప్పేవాడికి ఎంత నేర్పు కావాలో, వినేవాడికి అంత కావాలని నాకు అక్కడే అర్థమైంది. నష్టపరిహారం ఇచ్చారా అని అడిగి ఉంటే ఆయన నోరు మూతపడేది. ప్రసాదం అడిగారు కాబట్టి ఆయన బర్రె ఇంకో రెండు నిమిషాలు బతికి ఉంది.

రిటైరయిన టీచరు ఒకరు పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టు కథ చెప్పారు. ఐదో తరగతిలో బడి పిల్లలంతా అక్కడికి వనభోజనాలకు వెళ్లి దాగుడుమూతలు ఆడారట. అప్పుడు దొంగ అయిన పిల్లవాడు ఈయన్ని ఇంకా వెతుకుతూనే ఉన్నాడట. ఊడల మధ్యలోనే పెరిగి పెద్దవాడై, అక్కడే పెళ్లి చేసుకొని, ఏటా ఉగాదికి చెట్టు అవతలి వైపు నుంచి ఉత్తరం రాస్తాడట. కథ బాగుంది, కానీ టీచరుగారు చివర కొంచెం సాగదీశారు. చెట్టు సుమారు మూడెకరాల్లో పరుచుకొని, సుమారు 700 ఏళ్లుగా ఉన్నదని అందరికీ తెలుసు కాబట్టి ఉత్తరం దగ్గర ఆపి ఉంటే సరిపోయేది. ఆ వెంటనే ఇంకొకాయన, 2018లో చెదలు పట్టిన ఆ చెట్టుకు కొమ్మ కొమ్మకూ సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించిన సంగతి చెప్పారు. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కుర్రవాడు అదే ఆ రోజుకు అన్నిటికంటే పెద్ద గప్పం అనుకొని "నిజంగానా అంకుల్?" అని నవ్వుతూ అడిగి, వరుస చాయ్ డబ్బులు కట్టవలసి వచ్చింది. ఆ సెలైన్ సంగతి అక్షరాలా నిజం. పేపర్లలో ఫొటోలతో సహా వచ్చింది. ఈ పాలమూరు ప్రాంతంలో నిజానికీ గప్పానికీ మధ్య గట్టు అంత సన్నగా ఉంటుంది. వనపర్తి వైపు సరళాసాగర్ జలాశయంలో నీళ్లు నిండితే గేటు ఎత్తే మనిషి లేకుండానే సైఫన్ల గుండా తమంతట తామే దుముకుతాయని చెప్పినా కొత్తవాళ్లు అలాగే చూస్తారు. పట్టణానికి 1890లో పేరు ఇచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ విషయంలోనూ అంతే. పాము కరిచినవాళ్లు ఆయన పేరు తలుచుకుంటే విషం దిగుతుందని ఆ కాలపు ప్రజలు నమ్మేవారు. తాతల నాటి నుంచి అటువంటి మాటలు విని పెరిగినవాళ్ల ఊహ చిన్నదిగా ఎలా ఉంటుంది?

ఇప్పటి వరకు నేను విన్నవాటిలో అన్నిటికంటే చిన్న కథ గల్లా దగ్గర కూర్చునే యజమాని తల్లిగారిది. ఆమె సాధారణంగా వింటూ డబ్బులు లెక్కపెట్టుకుంటారు. ఒకరోజు మీటరు గేజి రైళ్ల కాలం గురించి మగవాళ్లు ఎవరి రైలు ఎంత నెమ్మదిగా పోయేదో చెప్పుకుంటూ ఉంటే, ఆమె చిల్లర ఇస్తూనే అన్నారు. "నేను ముందు డబ్బాల కూసోని బాలానగర్ కాడ సీతాఫలం గింజ ఊస్తే, ఎనుక డబ్బాల ఉన్న గార్డు సాబు కాయ తెంపుకున్నడు." అంతే, ఇంకొక మాట లేదు. బాలానగర్ సీతాఫలం అనే రకానికే ఆ ఊరి పేరు ఉన్నదని తెలిసినవారికి ఈ కథ ఇంకా తియ్యగా ఉంటుంది. బల్ల మీద ఆ రోజు మరెవరూ రైలు కథ ఎత్తలేదు.

అన్ని సాయంత్రాలూ ఇలా ఉండవని కూడా చెప్పాలి. ఒకసారి జడ్చర్ల వైపు ప్లాట్ల వ్యాపారం చేసే ఒక వ్యక్తి కూర్చొని తాను ఎన్ని ఎకరాలు ఎంతకు కొని ఎంతకు అమ్మాడో చెప్పుకుపోయారు. అంకెలన్నీ పెద్దవే, కానీ ఎవరికీ నవ్వు రాలేదు. ఆయన చెప్పినదాంట్లో ఎదుటివాడు చిన్నబోవాలనే కోరిక ఉంది, పోయిన కాలం మీద ప్రేమ లేదు. పాత రోజుల మీద మమకారంతో చేసే కోత వినేవాణ్ణి తన పాత రోజుల్లోకి తీసుకుపోతుంది. సంకటి కథ వింటున్నప్పుడు మా నాయనమ్మ కట్టెల పొయ్యి దగ్గర సంకటి గెలికే కట్టెను రెండు కాళ్ల మధ్య గంజును అదిమిపట్టి తిప్పుతుండడం నాకు కనిపించింది. ప్లాట్ల లెక్క వింటున్నప్పుడు గోడ గడియారం కనిపించింది. అటువంటివారిని యజమాని ఏమీ అనరు, కేవలం చాయ్ తీసుకురావడం ఆలస్యం చేస్తారు.

ఆ యజమాని గురించి రెండు మాటలు రాయకపోతే ఈ సమీక్షకు న్యాయం జరగదు. నడి బజారులో, ఒక్కొక్క కుర్చీకి గంటకు ఇన్ని చాయ్‌లు అమ్ముడుపోవాలని లెక్క వేసుకునే చోట, ఒక చాయ్‌ను వన్ బై టూ చేసుకొని రెండు గంటలు కూర్చునేవాళ్ల కోసం అంత పెద్ద బల్లను వదిలేయడం మామూలు సంగతి కాదు. టీవీ పెట్టలేదు. బల్ల దగ్గర ఫోనులో వీడియో తీయనివ్వరు. కారణం అడిగితే, ఒకసారి ఎవరో తీసినప్పుడు చెప్పే పెద్దాయన తడబడి, అన్నీ జాగ్రత్తగా, ఉన్నవి ఉన్నట్టుగా చెప్పడం మొదలుపెట్టారని, అప్పుడు కథే లేకుండా పోయిందని చెప్పారు. ఆ నిర్ణయం సరైనదని నేను గట్టిగా నమ్ముతున్నాను. పదిమంది మధ్య, ఆ పూటకు, ఆ ముఖాలు చూస్తూ చెప్పినప్పుడే గప్పానికి ప్రాణం ఉంటుంది.

లోపాలు ఉన్నాయి. బల్ల దగ్గర గాలి ఆడదు, ఉన్న ఒక్క ఫ్యాను పొయ్యి వైపు తిరిగి ఉంటుంది. చేతులు కడుక్కునే చోటు ఇరుకు, మరుగుదొడ్డి లేదు. బండి పెట్టుకోవడానికి సందులో స్థలం దొరకదు. వీటన్నిటికంటే పెద్ద లోపం, బల్ల చుట్టూ ఆడవాళ్లు దాదాపుగా కనిపించకపోవడం. రావద్దని ఎవరూ అనరు, కానీ రమ్మనే ఏర్పాటు కూడా లేదు. గల్లా దగ్గర వినిపించిన ఆ ఒక్క వాక్యాన్ని బట్టి చూస్తే, ఈ పట్టణంలోని తల్లులు, అత్తలు, అమ్మమ్మల దగ్గర ఎన్ని కథలు ఉండి ఉంటాయో ఊహించవచ్చు. వారంలో ఒక మధ్యాహ్నం వాళ్ల కోసం బల్లను ఖాళీగా ఉంచమని నేను యజమానిని అడిగాను. ఆయన తల్లిగారి వైపు చూశారు, ఆమె తల ఊపారు. త్వరలోనే మొదలుపెడతామన్నారు.

వెళ్లదలచినవారు శనివారం సాయంత్రం వెళ్తే మంచిది, ఆ రోజు చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా పెద్దవాళ్లు వస్తారు. ఐదు లోపే చేరుకుంటే బల్ల చివర చోటు దొరుకుతుంది. ఉగ్గాణి ఆరు గంటలకల్లా అయిపోతుంది కాబట్టి కూర్చోగానే చెప్పి ఉంచుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వాళ్లను తప్పక వెంట తీసుకుపోండి, మొదటి రోజు వాళ్లు ఏమీ మాట్లాడకపోయినా తొందరపెట్టకండి.